ఒక దీర్ఘం

హాప్సలులో నవంబరు నాలుగింటికే చీకటి.
రేవు ఆఫీసు మూడో అంతస్తులో
హీటరు మీద నా సాక్సులు ఆరుతున్నాయి.

తార్మో ఇచ్చిన పని చిన్నదే.
పడవల వేళలు చూపే ప్రోగ్రాముకి
పద్నాలుగేళ్ళుగా మేం రాసిన కమిట్ సందేశాలన్నీ చదివి
సిగ్గుపడాల్సినవి ఏవో పట్టీ రాయడం.
ఆడిటర్లు వస్తున్నారట,
చుట్టాలొచ్చే ముందు ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చాలట.

చదివాను.
"సరిచేశాను."
"మళ్ళీ సరిచేశాను."
"ఇదే ఆఖరు."
"ఆఖరన్నది అబద్ధం."
"ఎందుకు పనిచేస్తోందో తెలీదు, ముట్టుకోకండి."
ఒకటి, తెల్లవారుజామున మూడింటికి,
ఉత్త చుక్క.
ఆ వారం మీలిస్ ఇంట్లో కవలలకి జ్వరం.

నవ్వుకుంటూ దిగుతున్నాను
ఏడాది వెనక ఏడాది.
ఒక మెట్టు మీద కాలు ఆగింది.

"ఎండెల్ పొరపాటు సరిచేశాను."

రాసింది నేను. ఎనిమిదేళ్ళ కిందటి అక్టోబరు.
ఆ రాత్రి గడియారాలు గంట వెనక్కి జరిగితే
మా బోర్డు తికమకపడి
ఆరింటి పడవని ఏడింటికి చూపింది.
కయకస్ తన వేళకి తను వెళ్ళిపోయింది.
రేవులో పదకొండు కార్లు,
ద్వీపంలో పెళ్ళికి బయల్దేరిన బ్యాండు మేళం,
ఒళ్ళో చల్లబడుతున్న ఇత్తడి బాకాలు.

తప్పున్న వరుస ఎవరిదని అడిగితే
సిస్టం ఎండెల్ పేరు చెప్పింది.
సిస్టం అబద్ధం చెప్పదు,
దానికి తెలిసింది చెబుతుంది.
అంతకు రెండు వారాల ముందు
నా కంప్యూటరు పాడైతే
అతని కుర్చీలో కూర్చుని,
అతను చేపల సూపు వేడిచేసుకోడానికి వెళ్ళిన కాసేపట్లో
అతని పేరు మీదే ఆ వరుస పంపింది నేను.
సందేశం రాసేటప్పుడు అది గుర్తుంది నాకు.
బాగా గుర్తుంది.
ఎండెల్‌కీ తెలుసు.
గిన్నె పట్టుకుని నా బల్ల దాకా వచ్చి
"బయట మంచు మొదలైంది" అన్నాడు.
అంతే.
మూడేళ్ళకి రిటైరై ద్వీపానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడే రాసిందైతే తేలిక.
ఇంకా పంపకపోతే మరీ తేలిక,
నాలిక కరుచుకుని, చెరిపి, మళ్ళీ రాస్తాం.
ఇది అడుగున ఉంది.
ఒక్క మాట మారిస్తే దాని గుర్తు సంఖ్య మారుతుంది,
దాన్ని పట్టుకున్న తర్వాతి కమిట్‌ది మారుతుంది,
దాని తర్వాతిది, ఆ తర్వాతిది.
తీగ లాగితే ఆరువేల కమిట్ల డొంక.
తాలిన్‌లో, రీగాలో ఇరవైముగ్గురి దగ్గరున్న కాపీలు
రేపు పొద్దున మా చరిత్రని గుర్తుపట్టవు.

తార్మో నా భుజం మీంచి చూశాడు.
"బలవంతంగా తోసెయ్, శుక్రవారం రాత్రి.
ఎవరూ చూడరు."

ఎవరూ చూడకుండా రాసిందే కదా అది.

ఖాళీ కమిట్ ఒకటి పెట్టాను.
కోడ్‌లో కామా కూడా కదల్లేదు. సందేశం ఒక్కటే:
"ఎనిమిదేళ్ళ కిందట కాయకస్ వేళ గంట తప్పుగా చూపింది
ఎండెల్ వల్ల కాదు. ఆ వరుస నాది. విర్వె."
రెండోసారి చదివితే పంపనేమోనని
చదవకుండా పంపాను.
సాక్సులింకా తడిగానే ఉన్నాయి.

ఎండెల్‌కి లోపలికి వచ్చే అనుమతి ఇంకా ఉందని
నాకు తెలీదు. తీసెయ్యడం మరిచారు.
పడవెప్పుడొస్తుందో బోర్డు కంటే ముందు
అతనక్కడే చూసుకుంటాడట.
నలభై నిమిషాలకి ఫోను మోగింది.
వెనక గాలి, ఎవరిదో కుక్క, సరిగ్గా పడని తలుపు.

"చదివాను" అన్నాడు.
కుక్క రెండుసార్లు మొరిగింది.
"పడవ పేరులో దీర్ఘం ఎక్కువైంది, విర్వె.
ఇక మార్చలేవు కదా?"

"లేను."

"ఉండనీ" అన్నాడు.